సొట్టలాయన తీసిన అందమైన ఓడ

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండనే ఉంది. కానీ రేవులో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూసేవాడు. గేటు దగ్గర గార్డు మొదలుకుని క్రేను గదిలో కూర్చునేవాడి దాకా అందరికీ ఆయన సొట్టలాయనే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఓడల ఫోటోలు తీయడమే ఆయన పని. విచిత్రం ఏమిటంటే, ఓడ మొత్తం కనబడే ఫోటో ఆయన దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఉద్యోగం సర్వే ఆఫీసులో. ఓడ వచ్చి గట్టుని గుద్దుకున్నా, క్రేను కొక్కెం తగిలి రేకు లోపలికి పోయినా తప్పెవరిదో తర్వాత తీరిగ్గా కొట్టుకునేవారు. ముందు సొట్టలాయన రావాలి. ఆయన వచ్చి సొట్ట పక్కన సుద్దముక్కతో నంబరు, తేదీ రాసేవాడు. బాణం గుర్తు గీసి, కింద అడుగు స్కేలు ఆనించి మూడు ఫోటోలు తీసేవాడు. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. మూడోది పక్క నుంచి, అదీ పొద్దు వాలాక. ఆ మూడోదే అసలు ఫోటో. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎంత సొట్టైనా కనబడదు, రేకంతా ఒకటే చదునుగా మెరుస్తుంది. అదే సాయంత్రం ఎండ ఏటవాలుగా రేకు మీద పాకిందంటే, వేలెడు పల్లం కూడా నీడ పట్టి గొయ్యిలా బయటపడుతుంది. అందుకని మధ్యాహ్నం పూట ఎంత పెద్ద ఆఫీసరు పిలిచినా, "కాస్త ఎండ వాలనీయండి సార్" అనేసి క్రేను నీడలో కూలబడేవాడు.

అలవాటైన చెయ్యి ఇంటికొస్తే మాత్రం ఊరుకుంటుందా? కూతురు మొదటిసారి గోడ పట్టుకుని నిలబడ్డ రోజున పరిగెత్తుకెళ్ళి కెమెరా తెచ్చాడు. కెమెరాతో పాటు స్కేలూ తెచ్చాడు. ఆ పిల్ల చిన్ననాటి ఫోటోలన్నిటిలోనూ పక్కన తోబుట్టువులా ఒక అడుగు స్కేలు నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్ళకి ఆల్బం చూపించేటప్పుడు ఆయన భార్య, "ఆ రోజు మా అమ్మాయి నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను గానీ, ఇరవై తొమ్మిది అంగుళాలు మాత్రం ఖాయం" అనేది. కొత్త బీరువా కొన్నప్పుడు ఆవిడ ముచ్చటపడి తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని బీరువా పక్కన నిలబడింది. ఫోటో కడిగించి తెస్తే అందులో మోసినవాళ్ళు బీరువా మూల మీద పెట్టిన గీత ఉంది, గీత కింద స్కేలు ఉంది, ఓ పక్కన ఆవిడ మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి గురించి ఆవిడ పదిహేనేళ్ళ తర్వాత కూడా మాట్లాడుతూనే ఉంది.

అలాంటి మనిషిని ఒకరోజు పెద్ద సర్వేయరు తన గదిలోకి పిలిచాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. కుర్చీలోంచి లేవకుండానే ఫోను ముందుకి చాపాడు.

"ఇదిగోయ్, చూడు. మట్టి ఓడ. రెండు పక్కలా, ముందూ వెనకా మొత్తం నేనే తీశాను. పావుగంటలో ముగించాను."

మట్టి ఓడ అంటే రేవు అడుగున పేరుకునే మట్టిని తోడి దూరంగా పారబోసే ఓడ. రేవు సొంతది. మట్టిలోనే పుట్టి మట్టిలోనే పెరిగినట్టు ఇరవై ఆరేళ్ళుగా అదే చాకిరీ. ఈ మధ్యనే దానికి నీలం రంగు వేయించారు, ఇన్సూరెన్సు వాళ్ళ కోసం సర్వే కూడా చేయించారు.

"ఎప్పుడు తీశారు సార్?"

"మధ్యాహ్నం. భోంచేసి వెళ్ళి, కునుకు వేళకి వచ్చేశాను. ఎండ బాగా ఉంది కదా, అన్నీ స్పష్టంగా పడ్డాయి. ఒక్క సొట్ట లేదు. పెళ్ళికూతురిలా ఉందనుకో."

సొట్టలాయన నోరు తెరిచాడు. సర్వేయరు గారి మొహంలో తృప్తి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"నువ్వేమీ అనుకోకోయ్. ఇక ఫోటోలకి వేరే మనిషి అక్కర్లేదని పైవాళ్ళు రాశారు. నీ పాసు ఈ నెలాఖరు దాకే."

పాసు అంటే ఫోటో అంటించిన అట్టముక్క. అది మెడలో ఉంటే రేవంతా మనదే. ఓడల మధ్య నడవచ్చు, లంగరు గొలుసుల మీద కూర్చుని టీ తాగచ్చు, ఏ జెట్టీలో ఏ ఓడ ఎక్కడ గీసుకుందో చెప్పచ్చు. అది లేకపోతే రేవు అంటే ఒక పొడుగాటి గోడ. గోడ పైన క్రేన్ల తలకాయలు కనబడతాయి, ఓడ కూతలు వినబడతాయి, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళలో పాసు లేకుండా గోడకి ఇవతల ఉండిపోవడం ఎలా ఉంటుందో ఆయన చూడనే లేదు.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే భార్య కూరగాయలు తరుగుతూ, "పోనీ లెండి. మన ఇంట్లో సొట్టగిన్నెలు బోలెడున్నాయి, రోజుకొకటి తీసుకోండి" అంది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆవిడ కత్తి పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. చూసి, తమ్ముడికి ఫోను చేసింది.

ఆ తమ్ముడు, అంటే ఈయన బావమరిది, బజారులో ఫోటో స్టూడియో నడుపుతాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు. మొటిమలు మాయం చేయడంలో చెయ్యి తిరిగినవాడు. మచ్చలు వెతికి తీసే బావకీ, మచ్చలు తుడిచేసే బావమరిదికీ ఫోటోల విషయంలో ఒక్కనాడూ మాట కలవలేదు. అయినా అక్క పిలిస్తే ఆగడు, వెంటనే వచ్చాడు.

"బావా, నీ నక్కతోక ఎక్కడుందో నాకు తెలుసు. రేవుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని కేలండరు వేస్తున్నారు. నేను అడిగితే, నాకు గేటు పాసు ఇవ్వడానికే మూడు నెలలు పడుతుందన్నారు. అప్పటికి ఏడాదిలో పావు వంతు అయిపోతుంది. నీకు పాసు ఉంది కదా! వెళ్ళి అడుగు."

"నాకు అందంగా తీయడం రాదురా."

"కెమెరా ఉంది, ఓడ ఉంది, కళ్ళున్నాయి. ఇంకేం రావాలి?"

"ఆయనకి వచ్చులే, మోచేతులు బాగా తీస్తారు" అంది భార్య.

మర్నాడు వెళ్ళి ప్రచార విభాగం ఆఫీసరు ముందు నిలబడ్డాడు. ఆయన అత్తరు పూసుకునే మనిషి, గది నిండా సూర్యాస్తమయాల బొమ్మలే.

"నువ్వు ఓడలు తీస్తావా?"

"ముప్పై ఒక్క ఏళ్ళుగా సార్."

"ఏదీ, మొత్తం ఓడ ఒకటి చూపించు."

"ముక్కలు ముక్కలుగా తీశాను సార్. అన్నీ కలిపితే మొత్తం అవుతుంది."

ఆఫీసరు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మెడలో పాసు దగ్గర ఆగాడు. వేరే మనిషి దొరికే టైము లేదు. "సరే విను. ముఖచిత్రం మన మట్టి ఓడ. మన సొంత ఓడ, కొత్త రంగు. ఫోటో బాగా వచ్చిందంటే నీ పాసు ఇంకో ఏడాది పొడిగిస్తాను. రాలేదంటే నీ ఇష్టం."

సొట్టలాయన ఆ మాట పట్టుకుని రెండు రోజులు మట్టి ఓడ చుట్టూ తిరిగాడు. ఆయనకి దాని సంగతి తెలుసు. ఓడకి లోపల ఇనప పక్కటెముకలు ఉంటాయి, వాటి మీద రేకు బిగిస్తారు. ఏళ్ళ తరబడి పడవలు, గట్లు, అలలు తోసి తోసి, ఎముకకీ ఎముకకీ మధ్య రేకు లోపలికి పోతుంది. కొత్త రంగు దాన్ని కప్పుతుందే తప్ప బాగుచేయదు. పాపం, ముసలిదానికి ఇన్నాళ్ళకి ఒక ఫోటో తీస్తున్నారు కదా, పరువు నిలబెడదాం అనుకుని, పుట్టి బుద్ధెరిగి చేయని పని చేశాడు. మిట్టమధ్యాహ్నం ఫోటో తీశాడు. ఒక్క సొట్ట పడలేదు.

ఆఫీసరు అది చూసి మొహం చిట్లించాడు. "ఇది ఓడా, బడిగోడకి అంటించిన నీలం అట్టముక్కా? ప్రాణమేదయ్యా ఇందులో? సాయంత్రం తీయి. బంగారం పోత పోసినట్టు ఉండాలి."

"సాయంత్రం వద్దు సార్."

"ఏం?"

"సాయంత్రమైతే అన్నీ కనబడతాయి సార్."

"కనబడాలనే కదయ్యా ఫోటో తీసేది!"

బావమరిది కూడా అదే పాట పాడాడు. సాయంత్రం వెలుగులో కొరివిదయ్యం కూడా మహారాణిలా ఉంటుందని, తన గిరాకీ అంతా ఆ ఒక్క గంట మీదే నడుస్తోందని చెప్పాడు. తన దగ్గరున్న పెద్ద లెన్సు అరువిచ్చాడు. బయల్దేరే ముందు భార్య ఆయన సంచీ తీసి, అందులోంచి స్కేలు, సుద్దముక్క బయటికి లాగి అటక మీద పెట్టింది.

"అవి లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదే."

"కెమెరా మీద పెట్టుకోండి."

ఎదుటి జెట్టీ మీద, బొగ్గు కుప్పల పక్కన నిలబడ్డాడు. మధ్యలో నూనె మరకలు తేలే నీళ్ళు, అవతల మట్టి ఓడ. పొద్దు కుప్పల వెనక్కి దిగుతున్నకొద్దీ వెలుగు నీళ్ళ మీదుగా ఏటవాలుగా పాకి ఓడ పక్కని అంటుకుంది. నీలం రంగు నెమ్మదిగా రాగి రంగు తిరిగింది. దాంతో పాటే ఒక్కొక్క ఎముకా పైకి తేలింది. మేత లేక డొక్కలు బయటపడ్డ గొడ్డులా ఉంది ఓడ. ఆయన పెదాలు వాటంతట అవే లెక్క మొదలుపెట్టాయి. పదిహేడు. చెయ్యి సంచీలో స్కేలు కోసం వెతికి ఖాళీగా తిరిగొచ్చింది. ఆగుదామా, వెళ్ళిపోదామా అనుకున్నాడు. కానీ ఇన్నేళ్ళలో ఇంత బాగా వెలుగు పడ్డ సొట్టలు ఆయన చూసి ఎరగడు. పైగా ఒక్కొక్కటిగా కాదు, ముక్కు నుంచి తోక దాకా ఓడ మొత్తం ఒక్కసారిగా కంటికి ఆనడం కూడా అదే మొదలు. వేలు దానంతటదే నొక్కేసింది.

ఫోటో బల్ల మీద పెట్టగానే ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"అబ్బా! ఏం తీశావయ్యా!"

సొట్టలాయన బల్ల మీదికి వంగి ఫోటో మీద వేలు పెట్టాడు. పాసు పోయినా సరే, తెలిసి తెలిసి సొట్ట దాచిన పాపం మూటకట్టుకోలేడు. "సార్, ఒక్క మాట. ఇవి సొట్టలు సార్. ఇక్కడి నుంచి ఇక్కడికి పదిహేడు."

ఆఫీసరు జాలిగా నవ్వాడు. "పిచ్చివాడా, అవి వెలుగునీడలు. నీళ్ళ అలలు వచ్చి ఓడ ఒంటి మీద ఆడుకుంటున్నట్టు లేదూ? నీకు చెయ్యి ఉంది గానీ కళాహృదయం లేదయ్యా."

"చిత్తం సార్."

పాసు మీద కొత్త ముద్ర పడింది. ఇంకో ఏడాది.

కేలండర్లు అచ్చయి ఊరంతా పంచారు. ఓడల కంపెనీలకి, బ్యాంకులకి, ఆస్పత్రికి, రేవుతో పనున్న ప్రతి ఆఫీసుకీ ఒక్కొక్కటి. కింద మూల చిన్న అక్షరాల్లో ఆయన పేరు, కన్నవాళ్ళు పెట్టిన పేరు, వేశారు. అది ఎవరి పేరో రేవులో ఎవరికీ తెలియక, ఎవరో బయటి నుంచి వచ్చిన పెద్ద ఫోటోగ్రాఫరు అనుకున్నారు. గార్డుకి ఒక్కడికే తెలిసింది, రోజూ పాసు చూసేవాడు కదా.

"బాబాయ్, ఇకనుంచి నిన్నేమని పిలవాలి?"

"ఎప్పటిలాగే పిలువు."

"అలా కాదులే. నువ్విప్పుడు కళాకారుడివి."

"మీ ఆఫీసరు గారు కాదని తేల్చేశారులేరా."

బావమరిది కేలండరుని స్టూడియోలో గాజు తలుపుకి తగిలించి, వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ లెన్సు తనదేనని చెప్పాడు. భార్య వంటింటి గోడకి తగిలించుకుంది. మూడు వారాలు ఆయన జీవితం సాఫీగా సాగింది.

నాలుగో వారంలో తగలడింది. ఇన్సూరెన్సు ఆఫీసులో ఓడల ఫైళ్ళు చూసే ఒకావిడ ఉంది. ఆవిడ బల్లకి ఎదురుగా గోడ మీద కేలండరు, బల్ల మీద మట్టి ఓడ సర్వే కాగితం. కాగితంలో పెద్ద సర్వేయరు గారు సంతకం పెట్టి మరీ రాసిన మాట, 'పక్కలు నున్నగా ఉన్నాయి, సొట్టలు లేవు.' ఆవిడ తలెత్తి గోడ చూసింది, తల దించి కాగితం చూసింది. నాలుగు రోజులు అలాగే చూసి, అయిదో రోజు కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని ఎక్కి, పెన్సిలు మొనతో లెక్కపెట్టింది. తర్వాత సర్వే ఆఫీసుకి, రేవు ఆఫీసుకి ఫోను చేసింది.

అత్తరు ఆఫీసరు సొట్టలాయన్ని పిలిపించాడు. ఈసారి గదిలో అత్తరు వాసన కన్నా కోపం ఎక్కువగా ఉంది.

"రేవు పరువు తీశావు కదయ్యా! ఊరూరా పంచుకున్నాం మన డొక్కలు! ఇలా తీయమని ఎవరు చెప్పారు నీకు?"

"తమరే సార్. బంగారం పోత పోసినట్టు అన్నారు."

"సొట్టలని నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను సార్. వెలుగునీడలన్నారు."

నిజం చేతికి దొరికినప్పుడు ఏ ఆఫీసరైనా చేసే పనే ఆయనా చేశాడు. పాసు అక్కడ పెట్టి పొమ్మన్నాడు.

గేటు దాటి బయటికొచ్చేటప్పుడు సొట్టలాయన చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. గార్డు అటు తిరిగి, ఎవరూ రాని రోడ్డు వైపు చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. గోడ వెంట నడుస్తుంటే అవతల ఏదో ఓడ కూసింది. కూత బట్టి పాత ఓడే, వెనక భాగం ఎడం పక్కన రెండు సొట్టలున్నది. ఇకమీద మూడోది పడినా తనకి తెలియదు.

ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. భార్య కూడా గిన్నెల మాట ఎత్తలేదు. మర్నాడు ఒకసారి మాత్రం, "పోనీ చెప్పకుండా ఊరుకోవాల్సింది కాదా ఆ ఆఫీసరుతో?" అంది.

"చెప్పినందుకు పోలేదే పాసు. చెప్పినా వినిపించుకోనందుకు పోయింది."

"మీకు ఏ దారిలో వెళ్ళినా అదే గోడ" అంటూ ఆవిడ నిట్టూర్చింది.

వారం తిరక్కుండా వీధి తలుపు చప్పుడైంది. చూస్తే పెద్ద సర్వేయరు. మోకాళ్ళు పట్టుకుని, రెండు మెట్లకి ఒకసారి ఆగుతూ మూడో అంతస్తు ఎక్కి వచ్చాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే గ్లాసంతా ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత వంటింటి గుమ్మంలోంచి గోడ మీద కేలండరు చూశాడు. చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఏమోయ్, కులాసానా?"

"మీ దయ సార్."

"దయ నాది కాదోయ్, ఇప్పుడు నీది కావాలి. ఆ ఓడ మళ్ళీ సర్వే చేయాలంటున్నారు. ఈసారి ప్రతి సొట్టకీ నంబరు, కొలత, మూడేసి ఫోటోలు. నిన్న సాయంత్రం నేనే ఫోను పట్టుకెళ్ళాను. నాకు ఓడకన్నా నా నీడే ఎక్కువ పడింది."

"ఏ వైపు నిలబడ్డారు సార్?"

"ఏ వైపో ఏమిటో! నువ్వు రా. పాసు నేనే రాయించాను." జేబులోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "గడువు దగ్గర ఏం రాయాలో తెలీక, ఓడ బాగయ్యేదాకా అని రాయించాను."

లోపలి నుంచి వింటున్న భార్యకి నవ్వాగలేదు. రేవు మరమ్మతు షెడ్డు సంగతి ఊరందరికీ తెలుసు. ఆ షెడ్డుకి వెళ్ళిన తెరచాప పడవ ఒకటి, దాన్ని పంపినవాడు రిటైరయి మనవల్ని ఎత్తుకున్నా ఇంకా బయటికి రాలేదు. ఓడ బాగయ్యేదాకా అంటే, జీవితకాలం అని మర్యాదగా రాసినట్టే.

మూడు సాయంత్రాలు పట్టింది. అటక మీద నుంచి స్కేలు, సుద్దముక్క దిగాయి. నాటు పడవలో కూర్చుని ఓడ పక్కనే నెమ్మదిగా వెళుతూ ఒక్కొక్క పల్లం పక్కన నంబరు రాశాడు. పదిహేడు సొట్టలకి యాభై ఒక్క ఫోటోలు. వాటన్నిటి మీదా, రిపోర్టు మొదటి పేజీగా, పెద్ద సర్వేయరు గారు కేలండరు ముఖచిత్రమే జతచేశారు, ఎర్ర సున్నాలు చుట్టి. పంచగా మిగిలిన కేలండర్లు దానికి పనికొచ్చాయి. సొట్టలాయన తీసిన ఒకే ఒక్క అందమైన ఫోటో చివరికి ఆయన తీసిన సొట్టల్లోకెల్లా పెద్దదిగా ఫైలుకెక్కింది.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లో టీ తాగుతూ గోడ మీద కేలండరు చూస్తున్నాడు. ఈ బొమ్మ మీద మాత్రం ఎర్ర సున్నాలు లేవు. చూస్తూ చూస్తూ లేచి దగ్గరికెళ్ళాడు. వెనక తోక దగ్గర, నీళ్ళకి ఆనుకుని, గోరంత నీడ.

"ఏమే, ఇటు రా. ఇదేమిటి?"

"నీడ."

"కాదు. పద్దెనిమిదోది. మనం పదిహేడే రాశాం."

భార్య గరిటె పట్టుకుని వచ్చి కళ్ళు చికిలించి చూసింది. తర్వాత ఆయన మెడలో పాసు వైపు చూసింది. సెలవు రోజు కూడా వేసుకుని కూర్చున్నాడు.

"ఎవరికీ చెప్పకండి. దాన్ని అలా దాచుకోండి. ఒకవేళ వాళ్ళు పొరపాటున ఓడ బాగుచేసేశారనుకోండి, అప్పుడు బయటికి తీద్దురు గాని."

మాటలో న్యాయం ఉంది. సొట్టలాయన టీ చల్లారేదాకా దాని గురించి నిజంగానే ఆలోచించాడు. తర్వాత మిగిలిన టీ గబగబా తాగేసి స్కేలు, సుద్దముక్క సంచీలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి? ఇంకా పొద్దున తొమ్మిదే కదా. మీ ఎండ వాలడానికి బోలెడు టైముంది."

"ముందు నంబరు వేసి వస్తాను" అంటూ ఆయన మెట్లు దిగాడు.